గేరు రాడ్డూ – గ్యాసు బండా

మగవాడికి దేవుడిచ్చింది మీసం, కంపెనీవాడిచ్చింది గేరు రాడ్డు. మీసాన్ని ఈమధ్య చాలామంది వదిలేశారు గాని, గేరు రాడ్డుని వదిలే సూచనలు మాత్రం ఎక్కడా కనబడటం లేదు. "గేర్లు లేని బండి కూడా ఓ బండేనా?" అన్న మాట మా మంగళగిరిలో కాలేజీ కుర్రాడి నోటా విన్నాను, రిటైరైన హెడ్మాస్టరుగారి నోటా విన్నాను. ఆ మాట అనేటప్పుడు ఇద్దరి పెదవులూ ఒక్కలాగే వంకర తిరుగుతాయి. గేర్లు లేని స్కూటరు ఆడవాళ్ళ బండిట. గేర్లు లేని కారు చేతకానివాళ్ళ కారుట. క్లచ్చి నొక్కి, రాడ్డు లాగి, ఇంజను చేత గావుకేక పెట్టించి, వీధి వీధంతా తిరిగి చూసేలా బయల్దేరితేనే అది డ్రైవింగుట!

ఎవరి సరదా వాళ్ళది, పోనీలే అని ఊరుకోవచ్చు. కాని ఈ సరదా ఖరీదు మన ఇంటి జమాఖర్చుల పుస్తకంలో పడుతోంది. దాని పొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లో పడుతోంది. అందుకని ఊరుకోదలుచుకోలేదు.

"బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానివి, నీకెందుకమ్మా గేర్‌బాక్సుల గొడవ?" అని మా బంధువొకాయన నిష్ఠూరమాడారు. నిజమే, నేను చదివింది చరిత్రా, తెలుగూను. కాని పెట్రోలు బంకులో బి.ఏ. వాళ్ళకి వేరే రేటు లేదు కదా! పైగా నవలలు రాసేవాళ్ళకి ఒక దురలవాటు ఉంటుంది. ఎవరేం చెప్పినా "ఎందుకని?" అని అడుగుతారు. గేర్ల విషయంలో ఆ ప్రశ్న మన ఆడవాళ్ళం ఎవరమూ అడగటం లేదనే నా బాధంతా.

ముందు మనకి బాగా తెలిసిన చోటునుంచే మొదలుపెడతాను. అదే, వంటిల్లు.

1978లో కేంద్ర ప్రభుత్వం చమురు పొదుపు కోసం పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అని ఒక సంస్థ పెట్టింది. ఆ పేరు మీకు గుర్తుండకపోవచ్చు గాని, అది చెప్పిన పాఠాలు మీకు కంఠతా వచ్చు. పప్పు ముందుగా నానబెట్టండి, అన్నీ సిద్ధం చేసుకున్నాకే స్టవ్ వెలిగించండి, గిన్నె మీద మూత పెట్టండి, ఉడుకు పట్టగానే మంట సన్నం చెయ్యండి... రేడియోలో విన్నాం, టీవీలో చూశాం, పత్రికల్లో చదివాం. అత్తగార్ల నోట సరేసరి! విన్నాం, పాటించాం కూడా. గ్యాసు బండ నాలుగు రోజులు ఎక్కువ వస్తే పండగ చేసుకునే జాతి మనది. ఆ పాఠం తప్పని నేననను.

అయితే ఆ సంస్థే బండ్లు నడిపేవాళ్ళకీ పాఠాలు చెప్పింది. కారుని గంటకి 45–55 కిలోమీటర్ల మధ్య నడిపితే, 80 మీద నడిపినదానికంటే నలభై శాతం దాకా ఎక్కువ దూరం వస్తుందంది. వేగానికి తగ్గ గేరు వెయ్యమంది. క్లచ్చి మీద ఊరికే కాలు ఆనించి ఉంచొద్దంది. టైర్లలో గాలి చూసుకోమంది. సిగ్నలు దగ్గర కాసేపు ఆగాల్సి వస్తే ఇంజను ఆర్పెయ్యమంది. మరి ఈ రెండో పాఠం ఏ ఇంట్లోనన్నా ఎవరిచేతన్నా అప్పజెప్పించారా? "మంట సన్నం చెయ్యవేమే?" అని కోడల్ని అడిగే అత్తగారు వీధికొకరుంటారు. "మూడో గేరులోనే పెట్టి ఎందుకురా బండిని ఏడిపిస్తావు?" అని కొడుకుని అడిగిన తల్లి ఒక్కరైనా ఉన్నారేమో చూపించండి. పొదుపు అనేది వంటింటి గడప దాటి వీధిలోకి రాదు. ఇదీ నా పేచీ.

ఇంతకీ గేరంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. చిన్న పళ్ళచక్రం పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పిందనుకోండి, వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. ఆగి ఉన్న బండిని కదిలించడానికి బలం కావాలి గనక మొదటి గేరు. పరుగందుకున్నాక అంత బలం అక్కర్లేదు గనక పై గేర్లు. మామూలు చిన్న కారులో, మొదటి గేరులో చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను పన్నెండు పదిహేనుసార్లు తిరగాలి. అయిదో గేరులో అయితే మూడు నాలుగుసార్లు తిరిగితే చాలు. ఇంజను తిరిగిన ప్రతి చుట్టుకీ రాపిడికింత, గాలి పీల్చినందుకింత అని పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది. అదే వేగానికి తక్కువ చుట్లు తిరిగితే ఆ దండగ తగ్గుతుంది.

ఇది మనకి కొత్తా? కుక్కరు కూత పెట్టాక కూడా మంట తగ్గించకపోతే ఏమవుతుంది? కూతలు ఎక్కువవుతాయి గాని పప్పు తొందరగా ఉడకదు. ఆవిరంతా బయటికి పోతుంది, అంతే. బండి పరుగందుకున్నాక కూడా కింది గేరులోనే లాగించడం అచ్చంగా అదే. మోత ఎక్కువ, పని తక్కువ. అలాగని ఉడుకు పట్టకముందే మంట బొత్తిగా తగ్గించేస్తే అన్నం పలుకు మీద ఉండిపోతుంది. ఇరవై వేగంలో అయిదో గేరు వేసినా అంతే, ఇంజను మూలుగుతుంది. ఎప్పుడు సన్నం చెయ్యాలో తెలియడమే వంట. ఎప్పుడు మార్చాలో తెలియడమే గేరు. ఈ విద్య మనకి పుట్టుకతోనే రాకపోయినా, పెళ్ళినాటినుంచీ చేస్తున్న సాధన!

లెక్క వేసి చూద్దాం. మంగళగిరినుంచి గుంటూరు ఇరవై కిలోమీటర్లు. రోజూ కారులో వెళ్ళి వచ్చే ఉద్యోగి నెలకి పాతిక రోజుల చొప్పున వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాడు. లీటరుకి 15 కిలోమీటర్లు వస్తే దగ్గర దగ్గర 67 లీటర్లు కావాలి. చెయ్యి కాస్త అదుపులో పెట్టుకుని, గేరు వేళకి మార్చి, 18 రాబట్టాడనుకోండి, 56 లీటర్లు చాలు. తేడా 11 లీటర్లు. లీటరు వంద లెక్కనే వేసుకున్నా నెలకి పదకొండు వందలు! మనం మూతలు పెట్టి, పప్పు నానబెట్టి, మంట సన్నం చేసి ఏడాది పొడుగునా ఆదా చేసింది, ఒక్క నెలలో ఆ సైలెన్సరు గొట్టంలోంచి పోతోందన్నమాట.

పోయేది డబ్బొక్కటే అయినా బాగుండును. లీటరు పెట్రోలు కాలితే రెండు కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ముప్పాతిక కిలో కూడా తూగని పెట్రోల్లోంచి రెండు కిలోల వాయువు ఎలా వస్తుందని మీకు సందేహం రావచ్చు, నాకూ వచ్చింది. పెట్రోల్లోని కర్బనం గాలిలోని ప్రాణవాయువుని తనతో కలుపుకుంటుంది. ఆ బరువు దానిది. అంటే మనం పీల్చుకోవలసిన గాలి కూడా అందులో ఖర్చవుతోందన్నమాట. ఆ 11 లీటర్ల దండగకి నెలకి పాతిక కిలోలు. ఒక్క కారుకి. మా ఊరి మీదుగా పోయే మద్రాసు–కలకత్తా హైవే మీద సాయంత్రం పూట ఓ పది నిమిషాలు నిలబడి కార్లు లెక్కపెట్టండి, మిగతా లెక్క మీరే వేసుకుంటారు.

"ఏదో పుస్తకాల్లో చదివి చెప్పడం తేలిక, రోడ్డు మీద గేరు మారుస్తూ ఎవరు పొదుపు చేస్తారండీ?" అంటారేమో. చేసేవాళ్ళున్నారు. మన ఆర్టీసీ డ్రైవర్లు! డిపోలో ప్రతి డ్రైవరు పేరుకెదురుగా, అతని చేతిలో లీటరు డీజిలుకి బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో రాస్తారు. దాన్ని కెయంపీయల్ అంటారు. తక్కువ తెచ్చినవాణ్ణి పిలిచి అడుగుతారు, శిక్షణ ఇస్తారు. బాగా తెచ్చినవాణ్ణి మెచ్చుకుంటారు. అదే బస్సు, అదే రూటు, అదే డీజిలు. ఒకరి చేతిలో ఎక్కువ వస్తుంది, ఇంకొకరి చేతిలో తక్కువ వస్తుంది. తేడా అంతా గేరు మార్చే చేతిలోనూ, తొక్కే కాలులోనూ ఉంది. ఖాకీ చొక్కా వేసుకున్న మగవాడు తన గేరు లెక్క సంస్థకి ఒప్పజెబుతున్నాడు. అందుకతని మీసం ఏమీ ఊడిపోలేదు. మరి తెల్లచొక్కా మగవాడు ఇంట్లో లెక్క అడిగితే ఎందుకంత చిందులు తొక్కాలి?

బస్సు మాట వచ్చింది గనక ఇదీ చెబుతాను. బస్సుకి లీటరుకి అయిదు కిలోమీటర్లకి అటూ ఇటూ వస్తుంది. "అయిదేనా!" అని ముక్కు మీద వేలేసుకోకండి. అందులో యాభైమంది ఉంటారు. ఒక్క లీటరు యాభైమందిని అయిదు కిలోమీటర్లు మోసిందన్నమాట. కారులో ఒక్కడే కూర్చుని వెళ్ళే పెద్దమనిషి లీటరుతో తన ఒక్కడి శరీరాన్నే పదిహేను కిలోమీటర్లు మోయిస్తాడు. పైగా 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు, "పనీపాటా లేకుండా తిరుగుతారు" అని వెటకారం చేసింది కూడా ఆ పెద్దమనుషులే! లెక్క తీస్తే దేశానికి ఎవరి ప్రయాణం బరువో తేలిపోతుంది.

ఇక గేర్లు లేని బండ్ల సంగతికి వద్దాం. ఇక్కడ నేను ఒకపక్షంగా మాట్లాడను. ఉన్నమాట ఉన్నట్టే చెబుతాను.

గేర్లు మార్చక్కర్లేని బండి మనకి కొత్త కాదు. 1972లో లూనా వచ్చింది. మన తిరుపతిలోనే సువేగా మోపెడ్లు తయారయ్యేవి. 1980లో టీవీయస్ ఫిఫ్టీ వచ్చింది. దాని వంశంలోదే ఇవాళ మన పల్లెల్లో తిరిగే ఎక్సెల్ బండి. దానికి మార్చే గేర్లే లేవు. ఎరువుల బస్తా, మిరపకాయల టిక్కీ, వెనక భార్యా, ముందు పిల్లవాడూ... అన్నిటినీ మోసుకుని పొలం గట్ల మీద కూడా పోతుంది. దాన్ని చూసి "ఇది మగవాడి బండి కాదు" అని ఏ రైతన్నా అన్నాడా? అనడు. ఎందుకంటే దాని విలువ అతనికి లెక్కల్లో తెలుసు. లెక్క తెలిసినచోట మీసం ఊసు రాదు.

1984లో కినెటిక్ హోండా వచ్చింది. 2001లో యాక్టివా వచ్చింది. వీటిలో గేర్ల పళ్ళ బదులు రెండు కప్పీలూ, వాటిమధ్య ఒక బెల్టూ ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ఒక కప్పీ చుట్టుకొలత దానంతటదే పెరుగుతుంది, రెండోదానిది తరుగుతుంది. బావి గిలక తెలిసినవాళ్ళకి ఈ ఏర్పాటు చక్కగా బోధపడుతుంది. చీర కట్టుకుని కాలితో గేరు తన్నే బాధ లేకుండా, ఎవరినీ బతిమాలకుండా, బడికీ బ్యాంకుకీ ఆస్పత్రికీ మన పని మీద మనం వెళ్ళగలిగింది ఈ బెల్టు పుణ్యమే. నా మటుకు నాకు, ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి మేం రాసిన నవలలన్నీ ఒక ఎత్తు, ఆ బెల్టొక్కటీ ఒక ఎత్తు!

అయితే ఆ బెల్టు కొంత పెట్రోలు తింటుంది. ఒప్పుకోవాలి. పళ్ళచక్రాలంత నిక్కచ్చిగా బెల్టు బలాన్ని అందించలేదు, కొంత జారుడుకీ వేడికీ పోతుంది. వంద సీసీ గేర్ల మోటారుసైకిలు లీటరుకి అరవై పైన ఇచ్చేచోట, గేర్లు లేని స్కూటరు యాభైకి అటూ ఇటూ ఇస్తుంది. ఆ మాట మగవాళ్ళు అంటే నిజమే. కాని ఆ మాట అనే అబ్బాయి ఎక్కి తిరిగేది ఏ బండి? వంద సీసీదా? కాదు, నూట యాభయ్యో రెండు వందలో! దాని మైలేజీ మనం అడిగితే "ఇది పికప్ బండి పిన్నీ, మైలేజీ బండి కాదు" అంటాడు. పొదుపు మాట మన బండి మీద ప్రయోగించడానికే గాని, తన బండికి వర్తించదు!

కార్ల దగ్గరా ఇదే రామాయణం. "ఆటోమేటిక్ కారు పెట్రోలు తాగేస్తుంది" అన్నమాట ఇంటింటా వినబడుతుంది. ఒకప్పుడు అది నిజమే. పాతకాలపు ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేర్లకీ మధ్య నూనెలో తిరిగే రెండు పంకాల లాంటివి ఉండేవి. ఒకటి నూనెని చిమ్మితే ఆ విసురుకి రెండోది తిరగాలి. ఆ మధ్యలో కొంత బలం నూనె కాగడానికే సరిపోయేది. కాని కాలం అక్కడే ఆగిందా? ఆ రెంటినీ కలిపి బిగించే ఏర్పాట్లు వచ్చాయి. 2014లో మారుతివాళ్ళ సెలేరియోలో, మామూలు గేర్లనే పెట్టి, క్లచ్చి నొక్కే పనీ రాడ్డు మార్చే పనీ యంత్రానికి అప్పగించారు. దాన్నే ఏఎంటీ అంటారు. అప్పుడు కంపెనీవాళ్ళు చూపిన పరీక్షల లెక్కలో, చేత్తో గేర్లు మార్చే కారుకీ దీనికీ మైలేజీ ఒక్కటే, లీటరుకి 23.1. 2020లో వచ్చిన హోండా సిటీకి అయితే, చేతిగేర్ల కారుకి 17.8 అనీ, బెల్టుగేర్ల కారుకి 18.4 అనీ చూపించారు. అంటే మగవాడి చెయ్యి కంటే యంత్రమే పొదుపరి అని కంపెనీ కాగితమే చెబుతోంది! ఈ కాగితం చదవకుండా 1980ల నాటి మాటే ఇప్పటికీ అప్పజెబుతుంటే నవ్వాలా, ఏడవాలా?

ఇలా అన్నానని గేర్లు లేని కారే కొనెయ్యమని నా అర్థం కాదు. ఏఎంటీ కారు గేరు మార్చేటప్పుడు కాస్త తూగుతుంది. బెల్టు కారు ఖరీదెక్కువ. చేతిగేర్ల కారు చవక, మరమ్మతు సులువు, నడిపే చెయ్యి మంచిదైతే పొదుపు కూడా. మన తిరుగుడు ఎలాంటిదో చూసి ఎంచుకోవాలి. మీసం చూసి కాదు.

షోరూములో ఈ ఎంపిక ఎలా జరుగుతుందో చెప్పమంటారా? ఒకసారి మావారూ నేనూ కారు చూడటానికి వెళ్ళాం. ఏ షోరూమో చెప్పను, అన్నిచోట్లా అదే వరస గనక చెప్పక్కర్లేదు. అక్కడి కుర్రాడు ఇంజను సంగతులన్నీ మావారికి చెప్పి, నాకు మాత్రం ఎండ అడ్డం పెట్టుకునే అట్ట కిందికి దించి, "మేడమ్, ఇక్కడ అద్దం ఉందండి" అన్నాడు. "అద్దం బాగుంది బాబూ, ఎనభై వేగంలో టాప్ గేరులో ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది?" అని అడిగాను. ఆ అబ్బాయి నాకు జవాబు చెప్పకుండా మావారి వంక తిరిగి, "మేడమ్‌గారికి ఎరుపు రంగు నచ్చినట్టుంది సార్" అన్నాడు! మావారు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఆ కుర్రాడే ఆఖరికి పెద్ద విశేషం చూపిస్తున్నట్టు, పచ్చటి ఆకు బొమ్మ ఉన్న మీట ఒకటి చూపించాడు. అది ఎకో మీటట. నొక్కితే పర్యావరణానికి మంచిదట. ఏం చేస్తుందయ్యా అంటే, మనం పెడలు గట్టిగా తొక్కినా ఇంజను తొందరపడకుండా నిదానంగా అందుకుంటుంది. గేర్లు వాటంతటవే మారే కార్లయితే పై గేరు కాస్త ముందుగా వేస్తుంది. బాగానే ఉంది. కాని కాలు నిదానంగా తొక్కే మనిషికి ఆ మీటతో కలిసొచ్చేది తక్కువ. మీట నొక్కేసి నూరు మీద పోయేవాడికి ఆకు బొమ్మ ఏ పుణ్యమూ ఇవ్వదు. విభూతి పెట్టుకున్న ప్రతివాడూ శివభక్తుడు కానట్టే ఇదీను!

ఆకు బొమ్మ కన్నా పనికొచ్చేది ఇంకొకటి ఉంది. చాలా కార్లలో స్పీడు మీటరు దగ్గర చిన్న బాణం గుర్తు వెలుగుతుంది. పైకి చూపిస్తే పై గేరు వెయ్యమని, కిందికి చూపిస్తే కింది గేరు వెయ్యమని. పక్క సీట్లో కూర్చున్న మనకీ అది కనబడుతుంది. బాణం వెలిగి అరనిమిషమైనా రాడ్డు కదలకపోతే, "బాణం వెలిగిందండీ" అని మెల్లిగా అనండి. మావారు మొదట్లో విసుక్కునేవారు. "సన్నం చెయ్యవోయ్ అని మీరు వంటింట్లోకి తొంగిచూసి చెప్పినప్పుడు నేను విసుక్కున్నానా?" అన్నాను. అప్పట్నుంచీ బాణం కన్నా ముందే గేరు పడుతోంది.

ఇంకో మూఢనమ్మకం కూడా ఉంది. మా పానకాలస్వామి కొండకి ఘాట్ రోడ్డు ఉంది కదా, దిగేటప్పుడు కొందరు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో పెట్టి వదిలేస్తారు. ఇప్పటి కార్లలో, గేరులో ఉండగా పెడలు మీంచి కాలు తీసేస్తే, దిగుడులో ఇంజనుకి పెట్రోలు పోవడమే ఆగిపోతుంది. చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి మళ్ళీ పెట్రోలు కావాలి. అంటే మిగిలేది లేదు సరిగదా, ఖర్చే! పైపెచ్చు కింది గేరు పట్టి ఉంచే ఆసరా పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని ఈ పొదుపు చేసేవాణ్ణి ఏమనాలో నాకు మాట దొరకటం లేదు.

స్వామి పేరు తలుచుకున్నాం గనక ఆయన ధర్మం కూడా చెప్పుకోవాలి. మా స్వామికి శంఖంతో పానకం పోస్తే గుటగుటా సగం తాగి, చాలన్నట్టు ఆపి, మిగతా సగం భక్తుడికే ప్రసాదంగా వదిలేస్తాడని ప్రతీతి. పెట్రోలు ఇంజనుకి ఆపాటి దయ కూడా లేదు. నూరు రూపాయల పెట్రోలు పోస్తే, చక్రాల దాకా చేరేది పాతిక రూపాయల పని. తక్కినదంతా వేడిగానూ, పొగగానూ, మోతగానూ పోతుంది. ఎంత గొప్ప గేర్‌బాక్సయినా ఆ పాతికని కాస్త పెంచగలదే గాని, డెబ్భై అయిదుని వెనక్కి తేలేదు.

తిరిగి ఇచ్చే గుణం విద్యుత్ బండికి కొంత ఉంది. 2022 సెప్టెంబరులో తిరుపతి–తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి తీసుకున్నదాంట్లో కొంత, దిగేటప్పుడు మోటారే జనరేటరై వెనక్కి ఇస్తుంది. విద్యుత్ మోటారుకి మొదటి చుట్టునుంచే బలం ఉంటుంది గనక గేర్లు మార్చే పనే లేదు. చాలా బండ్లలో ఒకే ఒక వరస పళ్ళచక్రాలు, అంతే. నాలుగు గేర్లు, అయిదు గేర్లు, ఆరు గేర్లు అని మీసం మెలేసిన చరిత్రంతా చివరికి ఒక్క గేరు దగ్గరికి వచ్చి ఆగింది!

విచిత్రమేమిటంటే, నిన్నటిదాకా గేర్లు లేదని "ఆడవాళ్ళ బండి" అని నవ్విన కుర్రాళ్ళే, అదే గేర్లు లేని స్కూటరుకి బ్యాటరీ పెట్టి, పెద్ద తెర తగిలించి, లక్ష పైన ధర కట్టేసరికి క్యూ కట్టి కొంటున్నారు. ఇప్పుడది భవిష్యత్తు బండిట! మనం ముప్పై ఏళ్ళ కిందటే ఎక్కి తిరిగితే ఎవరూ భవిష్యత్తు అనలేదేం? 2023 జూన్‌లో మా పక్కనే తాడేపల్లిలో, చిన్న పట్టణాల్లో చెత్త సేకరించడానికి 516 విద్యుత్ ఆటోలు ప్రారంభించి, వాటికి ఆడవాళ్ళని డ్రైవర్లుగా పెట్టారు. చీపురు పట్టించడానికి ఎన్నడూ వెనకాడని లోకం, ఆ చేతికే హ్యాండిలు కూడా ఇవ్వడానికి గేర్లు పోయేదాకా ఆగిందన్నమాట.

విద్యుత్ బండి అంటే గంగాజలం అని కూడా నేననను. మన కరెంటులో పెద్ద భాగం ఇప్పటికీ బొగ్గు కాల్చి తీసేదే. కృష్ణకి అవతల ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ గొట్టాలు చూసినవాళ్ళకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. మన వీధిలో పొగ తగ్గినా అక్కడ కొంత పెరుగుతుంది. కాని మోటారు తనకిచ్చిన కరెంటులో నూటికి ఎనభై పైన పనిగా మారుస్తుంది. సూర్యరశ్మి కరెంటు పెరిగేకొద్దీ అదే బండి దానంతటదే శుభ్రపడుతూ వస్తుంది. పెట్రోలు బండికి ఆ భాగ్యం లేదు. ఇక బ్యాటరీ భయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒక ప్రాణం పోయింది. ఆ ఏడాది అలాంటి ప్రమాదాలు దేశంలో చాలాచోట్ల జరిగాకే ప్రభుత్వం బ్యాటరీల పరీక్షలు కట్టుదిట్టం చేసింది. అంచేత చవక అని ఊరూ పేరూ లేని బ్యాటరీ కొనకండి. నిద్రపోయే గదిలో ఛార్జింగు పెట్టకండి. గ్యాసు బండతో ఇన్నేళ్ళు జాగ్రత్తగా కాపరం చేసినవాళ్ళం, ఈమాత్రం జాగ్రత్త మనకి కష్టం కాదు.

ఇంతకీ మనం చెయ్యాల్సిందేమిటి? పాలలెక్క రాసే పుస్తకంలో ఒక పేజీ పెట్రోలుకి కేటాయించండి. ట్యాంకు నిండా పోయించిన రోజు మీటరు అంకె రాసుకోండి. మళ్ళీ నిండా పోయించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లని అప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. ఇంతే కెయంపీయల్. షోరూమువాడు చెప్పే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద తిప్పి తీసింది. రెండు కార్లని పోల్చుకోవడానికి అది పనికొస్తుంది గాని, మన వీధి మైలేజీ మన పుస్తకమే చెప్పాలి. బండి కొనేటప్పుడు రంగుకి ముందు గేరు సంగతి అడగండి. జవాబు మీవారికేసి తిరిగి చెబితే, "ఇటు చూసి చెప్పు బాబూ" అనండి. ఆడపిల్లకి స్కూటరు నేర్పేటప్పుడే గేర్ల బండి కూడా నేర్పించండి. గేర్లు లేని బండి ఎక్కడం తన ఇష్టం కావాలి గాని, ఇంకొకటి చేతకాకపోవడం కాకూడదు.

నెల తిరిగేసరికి ఆ పేజీ మీవారి ముందు పెట్టండి. మన గ్యాసు బండ ఎన్ని రోజులొచ్చిందో ఇన్నేళ్ళూ వాళ్ళు అడిగారు, మనం చెప్పాం. ఇప్పుడు లీటరు ఎన్ని కిలోమీటర్లొచ్చిందో మనం అడుగుదాం, వాళ్ళని చెప్పనివ్వండి.